మా మేనత్త ఎక్కనన్న గుట్ట

మాదాపూర్‌లో అద్దాల మేడలకన్నా గుట్టలే ఎక్కువగా ఉన్న రోజులవి. మధ్యాహ్నం పూట ఎక్కడో బండలు పేల్చేవాళ్ళు, మా కంప్యూటర్ తెరలు ఒక్కసారి వణికి మళ్ళీ కుదుటపడేవి. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. లోకంలో తెలుసుకోవలసినదంతా పుస్తకాల్లో ఉందనీ, అందులో మూడు వంతులు నేను చదివేశాననీ గట్టి నమ్మకం. (మిగిలిన ఒక వంతు మా శాఖా గ్రంథాలయంలో ఒక బీరువా తాళంచెవి పోవడం వల్ల ఆగిపోయింది. అందులో నా తప్పేమీ లేదు.) డిగ్రీ రెండుసార్లు తప్పినవాణ్ణి కాబట్టి కాలేజీలో చదువుకున్నవాళ్ళంటే నాకు కొంచెం జాలి కూడా ఉండేది. పాపం, పరీక్షకు వచ్చేవి మాత్రమే చదివారు కదా అనుకునేవాణ్ణి. ఆ కుర్రాడు ఇప్పుడు ఎదురుపడితే నేను రోడ్డు దాటి అవతలి వైపు నుంచి వెళ్ళిపోతాను. కానీ అతని గురించి ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే అతను ఒకప్పుడు ఒక రాజ్యాన్ని తన చేతులతో కట్టాడు, తన చేతులతోనే తుడిచేశాడు.

ఉద్యోగం ఎలా వచ్చిందో ముందు చెబుతాను. మాదాపూర్‌లో ఒక కిరాయి ఇంటి మేడ మీద ఒక చిన్న కంపెనీ ఉండేది. కింద ఇంటివాళ్ళు వడియాలు ఎండబెట్టుకునేవాళ్ళు, పైన మేము విదేశీ క్లయింటు కోసం కంప్యూటర్ ఆట తయారు చేసేవాళ్ళం. ఆటలో ఒక వీరుడుంటాడు. అతణ్ణి ఆడేవాడు తన ఇష్టం వచ్చిన దిక్కుకు నడిపించవచ్చు. ఒక పెద్ద రాజ్యం, గుట్టలు, నదులు, అడవులు, చివర ఎక్కడో ఒక మాంత్రికుడి కోట. దారి ఇదీ అని ఎవరూ చెప్పరు, తిరిగి తిరిగి తనే తెలుసుకోవాలి. ఆ రోజుల్లో మా ఊళ్ళో ఇలాంటి ఆట చూసినవాళ్ళే తక్కువ, తయారు చేసినవాళ్ళ మాట అడగనే వద్దు. మా పెద్దసారు (కోస్తా నుంచి వచ్చిన పెద్దమనిషి, కుర్చీని జరిపినా దానికి 'అండి' తగిలించేవాడు) ఇంటర్వ్యూలో నన్ను ఒక్కటే అడిగాడు: "భూమి గీయగలరాండీ?" నేను నది బాల్య దశ నుంచి వృద్ధ దశ వరకూ, గ్రానైటు బండ ఎండకూ వానకూ పొరలు పొరలుగా ఎలా ఊడుతుందో, కొండకు అవతలి వైపు వాన ఎందుకు పడదో ఊపిరి తీసుకోకుండా చెప్పాను. ఆయన "భూమిని ఇంతగా మనసుకు పట్టించుకున్నవాణ్ణి నేను చూళ్ళేదండి" అన్నాడు. నన్ను తీసుకున్నాడు. షరతు మాత్రం స్పష్టంగా చెప్పాడు. దసరా దాటాక క్లయింటు స్వయంగా వస్తాడు. అతనికి ఈ భూమి నచ్చితే ఆట ఇలాగే సాగుతుంది, నా ఉద్యోగం నిలుస్తుంది. నచ్చకపోతే భూమినంతా తీసిపారేసి, ఆటను నేల కింద గుహల్లోకి మార్చేస్తారు. గుహలకు భూగోళం తెలిసినవాడు అక్కర్లేదు.

హఫీజ్‌పేట్‌లో మా బస్తీ మొత్తానికి ఈ సంగతి మా అమ్మ వల్ల గంటలో తెలిసిపోయింది. "మావోడు కంప్యూటర్ల రాజ్యం కడుతుండు" అని ఆమె నల్లా దగ్గర చెప్పింది. ఇక నాకు వెనక్కి తగ్గే దారి లేకుండా పోయింది.

మూడు నెలలు నేను గుట్టలు పేర్చాను. ఒక్కొక్క బండ ఎత్తునూ అంకెలుగా వేసి, దాని మీద రంగు పరిచి, తెర మీద అది లేచి నిలబడేవరకూ ఒళ్ళు తెలియకుండా కూర్చునేవాణ్ణి. ఆదివారం గ్రంథాలయంలో నోట్సు, సోమవారం తెర మీద గుట్ట. నా నదులు పల్లానికే ప్రవహించేవి. (నవ్వకండి. మా కంపెనీకి మాదిరి కోసం తెచ్చిన ఒక విదేశీ ఆటలో నది గుట్టెక్కేది. దాని మీద నేను నాలుగు పేజీల విమర్శ రాసి గోడకు అంటించాను.) కొండల వరుసకు అవతల గాలిలో తేమ మిగలదు కాబట్టి సగం రాజ్యంలో ఒక్క గడ్డిపోచ కూడా మొలవనివ్వలేదు. ఆటకు ప్రోగ్రాం రాసేది ఒక కడప అన్న. నాకన్నా అయిదారేళ్ళు పెద్ద, మాట్లాడితే ఎత్తిపొడుపు, మాట్లాడకపోతే ఈల. అతను నా వెనక నిలబడి తెర చూసి, "ఏమబ్బా, యాడ జూసినా రాళ్ళే గదా. మా ఊరికి పోతే ఊరికే కనపడతాయి, ఇన్ని మిషన్లు యాలా?" అనేవాడు. నేను జవాబిచ్చేవాణ్ణి కాదు. శాస్త్రం తెలియనివాళ్ళతో వాదించకూడదని ఎక్కడో చదివాను.

మొదటిసారి మా పెద్దసారు ఆ రాజ్యంలో నడిచిన రోజు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉంది. ఆయన కుర్చీలో కూర్చుని, మీట మీద వేలు పెట్టి, వీరుణ్ణి నడిపించడం మొదలుపెట్టాడు. నేను పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"బావుందండి. ఇటెళ్తే ఏం వస్తుందండి?"

"ఇటు గుట్ట వస్తుంది సార్."

వెళ్ళాడు. గుట్ట వచ్చింది. "అటు దాటితే?"

"అటు ఇంకో గుట్ట సార్. ఇది పొరలూడిన బండ, అది నిలువునా చీలిన బండ. తేడా గమనించండి."

ఆయన తేడా గమనించాడు. ఇరవై నిమిషాలు నడిచాడు. కాఫీ వచ్చింది, ఎడమ చేత్తో తాగుతూ కుడి చేత్తో నడిచాడు. చివరకు, "మరి ఆ మాంత్రికుడు ఎక్కడుంటాడండీ?" అని నీరసంగా అడిగాడు.

"ఆయన వర్షచ్ఛాయా ప్రాంతంలో ఉంటాడు సార్. ఇదే వేగంతో పోతే ఇంకో అరగంట."

పెద్దసారు మీట మీద నుంచి వేలు తీసి, ఆ వేలినే కాసేపు చూసుకున్నాడు. "బాబూ, భూగోళం పాఠంగా అయితే దీనికి నూటికి నూరు వేస్తానండి. ఆటగా మాత్రం నాకు ఇంటికి వెళ్ళిపోవాలనిపిస్తోందండి" అన్నాడు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. క్లయింటు రావడానికి ఇంకా నెల కూడా లేదు. ఏం లోపించిందో నాకు నిజంగా అర్థం కాలేదు. నేను చదివిన ఏ పుస్తకంలోనూ మనిషి గుట్ట ఎందుకెక్కుతాడో రాసి లేదు, గుట్ట ఎలా పుడుతుందో మాత్రమే రాసి ఉంది. రెండు రోజులు అన్నం సహించలేదు. అమ్మ దిష్టి తీసింది. (దిష్టి ఎవరిదో ఆమెకు తెలుసు, పేరు చెప్పలేదు.)

అప్పుడు వచ్చింది మా మేనత్త. ఆమె సీతాఫలాల కాలంలో గుట్టల వెంట తిరిగి కాయలు తెంపుకొచ్చి, కండ్లు తెరిచిన కాయను ఒక గంపలో, తెరవని కాయను గడ్డి పరిచిన ఇంకో గంపలో పెట్టి అమ్మేది. కాయ కండ్లు తెరవడమంటే ఏమీ లేదు, దాని మీది గళ్ళ మధ్య సందులు తెల్లబడడం. ఒక శనివారం మధ్యాహ్నం మాదాపూర్‌లో అమ్ముకుంటూ మా మేడ కిందికి వచ్చి, "మా అల్లుడు ఈడ్నే పని చేస్తడు" అని ఇంటివాళ్ళతో చెబుతున్న గొంతు నాకు పైకి వినబడింది. పెద్దసారు ఊళ్ళో లేడు. నేను కిందికి దిగి ఆమెను పైకి తీసుకొచ్చాను. కంప్యూటర్ గది ముందు అందరమూ చెప్పులు విప్పేవాళ్ళం, దుమ్ము పడితే మిషన్లు పాడవుతాయని. మేనత్త చెప్పులు విప్పి, గడపకు దండం పెట్టి, చల్లటి గదిలోకి వచ్చి కొంగు కప్పుకుంది. "దవాఖాన లెక్క సల్లగున్నది గదరా" అంది. కడప అన్న కుర్చీ వేశాడు, ఒక కాయ తీసుకున్నాడు, ఆమె వేలు పట్టి మీట మీద పెట్టాడు. తెర మీద వీరుడు కదిలాడు.

"అమ్మో, నడుస్తుండు!" అని మేనత్త మురిసిపోయింది. కాసేపు నడిపి, "గుట్టలు మంచిగున్నయిరా. మన గుట్టల తీర్గనే ఉన్నయి. నువ్వే చేసినవా?" అంది.

"అవునత్తమ్మా. మొత్తం నేనే." మూడు నెలల్లో మొదటి మెప్పు. "ఆ గుట్ట ఎక్కు అత్తమ్మా."

"ఎందుకు?"

"ఎందుకంటే... పైకి పోతే మంచిగుంటది."

"పైన ఏమున్నది?"

"ఏం లేదు. గుట్టనే."

మేనత్త మీట మీద నుంచి వేలు తీసేసింది. "ఏం లేనిదానికి మోకాళ్ళు అరగదీసుకుంటర్రా ఎవలన్న? నేనెక్క."

కడప అన్న సీతాఫలం గింజ ఉమ్మి, "మోకాళ్ళు నీవి కాదుగదమ్మా, ఆ లోపలుండేవోనివి" అన్నాడు.

"వానియి మాత్రం మోకాళ్ళు కావా బిడ్డా?" అంది మేనత్త. అన్న వంగి తెర మీది వీరుడి మోకాళ్ళ వైపు చూశాడు.

నేను బతిమాలాను. మరి నువ్వు రోజూ గుట్టలు ఎట్ల ఎక్కుతవు, ఏది ఎక్కాలో ఎట్ల తెలుస్తది అని అడిగాను. ఇంతకన్నా తేలిక ప్రశ్న ఉంటుందా అన్నట్టు ఆమె నా వైపు చూసింది. "అన్ని గుట్టలు ఎక్కుతమారా? పొద్దుగాల కింద నిలవడి చూస్తం. రెండు బండల నడుమ ఆడ జర పచ్చగ కొడ్తది. చెట్టు కనవడ్తది, కాయ కనవడొద్దు. కిందికెల్లి కనవడే కాయ నీకోసం ఆగుతదా, ముందుగాల పోయినోడు తెంపుకపోతడు. కనవడని కాయ కోసమే ఎక్కుడు. ఎక్కినంక బండ ఎనకకు పోతే ఉంటది. ఇగ అన్ని చెట్లకు..."

"సమజైంది అత్తమ్మా!" అని నేను లేచి నిలబడ్డాను. నిజంగానే మెరుపు మెరిసినట్టయింది. బండ వెనక ఏదో ఉండాలి! ఇంత చిన్న సంగతి కోసమా నేను అన్నం మానేసింది!

"పూర్తిగ ఇనవురా నువ్వు. చిన్నప్పటి సంది గంతే" అని మేనత్త గంప ఎత్తుకుని, అన్నకు ఇంకో కాయ ఊరికే ఇచ్చి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ప్రతి బండ వెనకా ఏదో ఒకటి పెట్టాను. ప్రతి బండ అంటే ప్రతి బండే. ఉంగరాలు, కత్తులు, మందు సీసాలు, తాయెత్తులు, కిరీటాలు. కిరీటాలు అయిపోతే పగిలిన కిరీటాలు. చెట్టు తొర్రలో డాలు, వాగు ఒడ్డున విల్లు. 'అన్వేషణ, ఫలసిద్ధి' అని ఒక వ్యాసం రాసి, నా పాత విమర్శ పక్కనే గోడకు అంటించాను. కడప అన్న అది చదివి, "ఇది రాజ్యమా, తిరనాళ్ళా అబ్బా?" అన్నాడు. ఓర్వలేనితనం అనుకున్నాను.

క్లయింటు వచ్చాడు. పొడుగాటి మనిషి, మెత్తటి మాట, మా అల్లం చాయ్ రెండుసార్లు అడిగి తాగాడు. మేమందరం ఇస్త్రీ చొక్కాల్లో ఆయన వెనక వరుసగా నిలబడ్డాం. ఆయన వీరుణ్ణి రాజ్యం ముఖద్వారం దాటించి మొదటి గుట్ట దగ్గరికి పోనిచ్చాడు. బండ వెనక ఉంగరం దొరికింది. "ఓహ్!" అన్నాడు. మా పెద్దసారు నా భుజం నొక్కాడు. నా బతుకులో అంత గొప్ప క్షణం అంతకుముందు రాలేదు. (ఆ తర్వాత కూడా రాలేదు, ఆ క్షణం ఎంతసేపుందో చెబుతాను వినండి.) రెండో బండ వెనక కత్తి. మూడో బండ వెనక సీసా. నాలుగు, అయిదు, ఆరు. ఆయన 'ఓహ్'లు చిన్నవవుతూ వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. కాసేపటికి వీరుడి సంచి నిండిపోయింది. కొత్తది తీసుకోవాలంటే పాతది పారెయ్యాలి. ఆయన ఒక కిరీటం పారేసి ఇంకో కిరీటం తీశాడు. దానికన్నా పాతదే నయమనిపించి మళ్ళీ మార్చాడు. మొదటి గుట్ట దాటకుండానే ముప్పావు గంట గడిచింది. దూరంగా మాంత్రికుడి కోట బురుజులు లేత నీలం రంగులో కనిపిస్తూనే ఉన్నాయి. ఆ నీలం కుదరడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. "సార్, అటు చూడండి సార్, కోట ఉందండి" అని మా పెద్దసారు ఇంగ్లీషులోనూ అదే దీనమైన రాగంతో బతిమాలాడు. క్లయింటు కుర్చీ వెనక్కి జరిపి, నొప్పించకుండా, చాలా మర్యాదగా చెప్పాడు: ఇక్కడ ప్రతి రాయి వెనకా ఏదో ఉందని నాకు ముందే తెలిసిపోయింది, అందుకే ఎక్కడికీ వెళ్ళాలనిపించడం లేదు.

తర్వాత గుహలేమైనా ఉన్నాయా అని అడిగాడు. ప్రోగ్రాం సరిగ్గా నడుస్తుందో లేదో చూసుకోవడానికి కడప అన్న రెండు రోజుల్లో తవ్వి పారేసిన ఒక గుహ ఉంది. క్లయింటు అందులో నవ్వుతూ తిరిగాడు. అంతటితో తీర్పు అయిపోయింది. గుహలే.

ఆ సాయంత్రం మా హఫీజ్‌పేట్ స్టేషన్ ముందు గంపలు సర్దుకుంటున్న మేనత్త దగ్గర కూలబడి జరిగింది చెప్పాను. ఆమె ఒక కాయ పగలగొట్టి సగం నా చేతిలో పెట్టింది. "గదేరా నేను ఆ దినం చెప్పబోయింది. అన్ని చెట్లకు కాయలుంటే గుట్టెందుకు, అంగడికి పోతే కాదా? నేను ఉత్త గంపతోని దిగిన దినాలే ఎక్కువున్నయి. అయినా మల్ల తెల్లారి పోబుద్ధయితది సూడు, గదీ గుట్ట" అంది. నేను కాయ తినలేక చేతిలో పట్టుకుని కూర్చున్నాను. "పరేషాన్ గాకు. మల్ల చెయ్యి" అంది.

మళ్ళీ చేశాను. వారం రోజులు కూర్చుని కిరీటాలన్నీ ఏరేశాను. ఎక్కడో ఒక చీలికలో ఒకటి, ఎక్కడో ఒక చెట్టు వెనక ఒకటి ఉంచి, కొన్ని గుట్టలను ఊరికే గాలికీ చూపుకూ వదిలేశాను. అది బాగుంది. నేను చేసిన పనుల్లో నిజంగా బాగున్నది అదొక్కటే. పెద్దసారు దగ్గరికెళ్ళి ఒక్కసారి నడిచి చూడమన్నాను. ఆయన నడిచాడు, ఈసారి కాఫీ చల్లారిపోయింది కూడా. లేచి, కళ్ళజోడు తుడుచుకుంటూ, "బాబూ, ఇది ఆరోజు ఉండాల్సిందండి. ఇప్పుడు ఆయన గుహలన్నాడు, కాగితం మీద సంతకం కూడా అయిపోయిందండి. గుహలకు మిషన్‌లో చోటు చాలట్లేదు. భూమిని మీరే తీసెయ్యండి, వేరేవాళ్ళ చేత చేయించడం నాకిష్టం లేదండి" అన్నాడు. నన్ను మాత్రం ఉంచుతానన్నాడు, గుహ గోడలకు నాచు పూయడానికి ఒక మనిషి కావాలట. (నాచు ఉత్తరపు గోడకే ఎక్కువ పడుతుందని నా నోటిదాకా వచ్చింది. మింగేశాను. అది నా విద్యలో మొదటి మెట్టు అనుకుంటాను.)

మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళాక, తుడిచేసే ముందు ఒక్కసారి ఈ చివర నుంచి ఆ చివరకు నడుద్దామనుకున్నాను. కట్టడమే తప్ప నేను అందులో పూర్తిగా ఎన్నడూ నడవలేదు. నడిచాను. నదులు పల్లానికే పోతున్నాయి. బండల నీడలు తూర్పుకు సాగుతున్నాయి. కోట దాటి, ఎండిన మైదానం దాటి, ఎవరూ రారని కిరీటాలు కూడా పెట్టకుండా నేనే వదిలేసిన తూర్పు అంచుకు చేరేసరికి గంట దాటింది. ఆఖరి బండ చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళాను.

అక్కడ నాలుగు గుంజల మీద తాటాకు పందిరి ఉంది. దాని కింద ఇసుకలో ఒక మట్టి కుండ, మూత మీద బోర్లించిన గ్లాసు. చలివేంద్రం! నేను పెట్టలేదు. నా రాజ్యంలో నాకు తెలియని వస్తువది. మీట నొక్కాను. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు తెర మీద ఒక్కొక్కటే వచ్చాయి: 'ఇంత దూరం వచ్చినోనివి నువ్వే అయ్యుంటావులే. నీళ్ళు తాగి పో.'

తల తిప్పి చూశాను. కడప అన్న భోజనానికి పోలేదు, తన మూల కూర్చుని కీబోర్డు మీద దుమ్ము ఊదుతున్నాడు.

"ఎప్పుడు పెట్టినవన్నా?"

"మొదటి నెలలోనే. నువ్వు రాళ్ళు పేరుస్తా ఉంటివి గదా. ఎవుడన్నా ఆడిదాకా పోతే దప్పికవుతాదని పెడితి."

"మరి నాకు చెప్పలేదేంది?"

"చెప్తే ఇంగ దాంట్లో ఏముంటాదబ్బా?" అని అతను మళ్ళీ దుమ్ము ఊదుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే భూమిని తుడిచేశాను. నిజంగానే తీసెయ్యమంటావా అని మిషన్ రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ అవునన్నాను. ఆ తర్వాత గుహలు కూడా బయటికి రాలేదు, కంపెనీయే మూతపడింది, ఎవరి దారిన వాళ్ళం పోయాం. ఆ ఇరవై రెండేళ్ళ పండితుడంటే నాకిప్పటికీ సిగ్గే. కానీ తుడిచే మీట దగ్గరికి వెళ్ళేముందు అతను చేసిన ఒక్క పనికి మాత్రం అతణ్ణి క్షమించేస్తాను. వీరుడికి ఒంట్లో బలం నిండుగానే ఉంది, నీళ్ళు తాగితే కొత్తగా పెరిగేదేమీ లేదు. అయినా ఆ కుర్రాడు మసకబారిన కళ్ళతో తెరకు బాగా దగ్గరగా జరిగి, ఒక గ్లాసు, ఇంకో గ్లాసు, మళ్ళీ ఇంకో గ్లాసు తాగిస్తూ, పెద్దసారు మెట్లెక్కి వస్తున్న చప్పుడు వినబడేదాకా ఆ పందిరి కిందే నిలబడిపోయాడు.